గలిలయ సరస్సులోని పాత దోనె

తెలుగు బైబిలు చదివినవారికి దోనె యను మాట క్రొత్తది కాదు. గలిలయ సరస్సుమీది జాలరుల పడవలకు మన అనువాదకులు ఆ పేరే పెట్టిరి. మాట చక్కనిదే. కాని దానిని విన్నంతనే మన కన్నులకు కట్టు బొమ్మ మాత్రము వేరు. కొల్లేటిలో తాటిమ్రాను నిలువున తొలిచి చేసిన సన్నని దోనె మనకు స్ఫురించును. ఒకరిద్దరు కూర్చుండి గడకఱ్ఱతో త్రోసికొనిపోవునది అది. గలిలయ జాలరి పడవ అట్టిది కాదు. పలకలు కూర్చి, కుసులు బిగించి, తెరచాప యెత్తి నడిపిన పడవ అది. గాలి లేనప్పుడు నలుగురు తెడ్లు వేయవలసినంత పెద్దది. ఈ సంగతి ఊహించి చెప్పుచున్నది కాదు. ఆ పడవలలో ఒకటి సుమారు రెండువేల యేండ్లు సరస్సు అడుగు బురదలో పరుండి, 1986వ సంవత్సరమున మరల వెలుగు చూచినది. దాని కథయే నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా ఆ సరస్సును గూర్చి రెండు మాటలు. బైబిలులో దానిని సముద్రమనియే పిలిచిరి గాని, నిజమునకది మంచినీటి సరస్సు. ఉత్తర దక్షిణములుగా పొడవు సుమారు 21 కిలోమీటర్లు; వెడల్పు మిక్కిలిగా ఉన్నచోట 13 కిలోమీటర్లకు మించదు. యొర్దాను నది ఉత్తరమున దానిలో ప్రవేశించి దక్షిణమున వెడలును. నీటిమట్టము సముద్రమట్టమునకు 200 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. భూమిమీది మంచినీటి సరస్సులలో ఇంతకంటె పల్లమున ఉన్నది వేరొకటి లేదు. చుట్టును కొండలు. ఎండవేళ అద్దమువలె నిశ్చలముగా ఉన్న నీరు, కొండల సందులనుండి చల్లని గాలి దిగినంతనే అలలెత్తి పడవలను తలక్రిందులు చేయగలదు. ఈ సరస్సునకు గలిలయ సముద్రమనియు, తిబెరియ సముద్రమనియు, గెన్నేసరెతు సరస్సనియు పలు పేర్లు కలవు. హీబ్రూలో కిన్నెరెతు అందురు. కిన్నోర్ అను తంత్రీవాద్యము ఆకారమును బట్టి ఈ పేరు వచ్చినదని కొందరి మతము. మన కిన్నెర గుర్తుకు వచ్చుట సహజమే కాని, చెవికి వినబడు పోలికను పట్టుకొని చుట్టరికములు కలుపుట చరిత్రకారుని పని కాదు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ఈ సరస్సు ఒడ్డున ఊళ్లు దట్టముగా ఉండెను. చేపలే వారి బ్రతుకు. పడమటి ఒడ్డున మగ్దల అను పట్టణముండెను. మగ్దలేనే మరియ ఆ ఊరిదే. గ్రీకులో తరికేయ అని పేరుగల పట్టణము ఇదియేనని పలువురు పండితులు నిర్ణయించిరి. ఆ గ్రీకు పేరునకు మూలము చేపలను ఉప్పులో ఊరవేయుట. ఉప్పుచేప వ్యాపారము పేరుననే ఊరు వెలసినదన్నమాట. అక్కడ ఎన్ని పడవలు ఉండెడివో చెప్పుటకు మనకు ఒక సాక్షి దొరికినాడు. అతడు జోసెఫస్ అను యూదు చరిత్రకారుడు. రోమనులపై తిరుగుబాటు జరిగిన కాలమున గలిలయ ప్రాంతమునకు అతడే సేనాపతి. తిబెరియ పట్టణము తన మాట జవదాటినప్పుడు, దానిపైకి పంపుటకు అతనిచెంత సైన్యము లేకపోయెను. అప్పుడు సరస్సుమీది పడవలన్నింటిని ప్రోగుచేసెను. అవి 230 అయ్యెనని అతడే వ్రాసికొన్నాడు. ఒక్కొక్క దానిలో నలుగురు పడవవాండ్రకు మించకుండ ఎక్కించి, పట్టణమునకు దూరముగా నిలిపి, వాటినిండ సైనికులున్నారని భ్రమింపజేసి ఊరిని లొంగదీసెను. తన యుక్తిని తానే మెచ్చుకొను అలవాటు ఆ గ్రంథకర్తకు హెచ్చు. అయినను పడవల సంఖ్యను, ఒక్కొక్క దానికి నలుగురను మాటను మనము జ్ఞాపకముంచుకొనవలెను. అవి ముందు మనకు అక్కరకు వచ్చును. ఆ తరువాత క్రీ.శ. 67లో వెస్పసియన్, అతని కుమారుడు టైటస్ తరికేయపై దండెత్తిరి. పడవలెక్కి సరస్సులోనికి పారిపోయినవారిని రోమనులు తెప్పలు కట్టి వెంటాడి వధించిరి.

ఇక 1986వ సంవత్సరమునకు వత్తము. వానలు సరిగా లేకపోవుటచేతను, సాగునీటికొరకు తోడుటచేతను ఆ చలికాలమున సరస్సు బాగుగా తగ్గినది. పడమటి ఒడ్డున గినొసార్ అను సమష్టి వ్యవసాయ గ్రామము కలదు. ఆ ఊరి జాలరులైన అన్నదమ్ములిద్దరు, నీరు తీసిన బురదనేలపై పాత నాణెములు, ఇనుప మేకులు ఏరుకొనుచు తిరుగుచుండిరి. జనవరి మాసమున వారికి కొన్ని మేకులు ఒక్కచోట కనబడెను. వాటి ప్రక్కన బురదలో అండాకారమున ఒక కొయ్యగీత. అది పడవ అంచు. వారు దానిని త్రవ్వి చూడక, మరల బురద కప్పి, తెలిసినవారికి కబురు చేసిరి. ఆ పడవకు జరిగిన మేళ్లలో మొదటిది ఇదియేనని మా అభిప్రాయము. గడ్డపార వేసియున్నచో ఈ ప్రసంగమే లేకపోయెడిది.

ఫిబ్రవరి మొదటివారమున పురావస్తుశాఖకు చెందిన షెల్లీ వాక్స్‌మన్, కర్ట్ రవే అను నౌకాపురాతత్త్వజ్ఞులు వచ్చి కొద్దిగా బురద తొలగించి చూచిరి. పడవ పాతదో క్రొత్తదో తేల్చుటకు వారికి ఎంతోసేపు పట్టలేదు. పలక అంచులలో బెజ్జములు తొలిచి, కుసులు దూర్చి, కొయ్యచీలలు దిగగొట్టి అతికిన జాడ కనబడినది. మధ్యధరా సముద్రతీరమున రోమనుల కాలము వరకు పడవలను అట్లే కట్టిరి. తరువాతి శతాబ్దులలో ఆ పద్ధతి క్రమముగా అంతరించినది. కనుక ఇది ప్రాచీనమైనదే.

రహస్యముగా ఉంచవలెనని అందరును అనుకొనిరి. అట్టి రహస్యము నిలుచునా? పత్రికలకు ప్రాకినది. మొదటి ప్రపంచయుద్ధమున తురుష్క సైన్యమునకు జీతములు మోయుచు మునిగిన బంగారపు పడవ ఇదియేనని ఒక వదంతి పుట్టెను. నిధి వేటగాండ్రు రాత్రులయందు దీపములు పట్టుకొని ఒడ్డున తిరుగసాగిరి. మరియొక వైపు, అంతవరకు మొగము చాటువేసిన వాన కురియనారంభించినది. సరస్సు దినదినమును పైకి వచ్చుచున్నది. నిదానముగా ఏండ్ల తరబడి పథకము వేసికొని త్రవ్వవలసిన వస్తువును ఉన్నపళముగా త్రవ్వవలసివచ్చెను.

ఫిబ్రవరి నడుమ ప్రారంభించి సుమారు పండ్రెండు దినములు, రాత్రింబవళ్లు పని సాగినది. నీరు పైబడకుండ చుట్టును మట్టికట్ట వేసిరి. గ్రామస్థులు, చుట్టుప్రక్కలవారు స్వచ్ఛందముగా వచ్చి రాత్రి దీపముల వెలుగున బురద తోడిరి. అడుగు మోపినచో పలక విరుగును గనుక, పడవకు పైగా ఇనుప చట్రము కట్టి, దానినుండి వ్రేలాడు బల్లలపై బోర్లపరుండి చేతులతో మన్ను తీసిరి. నీటిలో నానిన కొయ్యను గూర్చి ఇచ్చట కొంచెము చెప్పవలెను. వేల యేండ్లు బురదలో ఉన్న కొయ్య చూచుటకు కొయ్యవలెనే ఉండును. నిజమునకు దానిలోని సారమును సూక్ష్మజీవులు తినివేయగా, ఆ ఖాళీలనిండ నీరే నిలిచియుండును. దానిని వ్రేలితో నొక్కినచో తడిసిన అట్టవలె సొట్టపడును. ఎండకు వదలినచో నీరు ఆవిరియై, కొయ్య ముడుచుకొని పగిలి పిండియగును. బురదలో గాలి చొరలేదు కనుకనే అది నిలిచినది. బయటికి తీసిన గడియనుండియే దాని ప్రాణమునకు ముప్పు. అందుచేత త్రవ్వుచున్నంతసేపును ఎవరో ఒకరు దానిపై నీరు చల్లుచునే యుండిరి.

ఇట్టి వస్తువును కదల్చుట యెట్లు? విడదీసి పలక పలకగా తీయవచ్చునని ఒక ఆలోచన వచ్చినది. కాని విడదీసినదానిని మరల కూర్చుటకు ఏండ్లు పట్టును. ఆ లోపల ఎన్ని ముక్కలు పోవునో! సంరక్షణ భారము వహించిన ఓర్నా కోహెన్ అను నిపుణురాలు వేరొక మార్గము తీసికొనెను. పడవ లోపల గాజునార వంకులు అమర్చి, లోపలను వెలుపలను పాలియురెథేన్ నురుగు పోసి గట్టిపడనిచ్చిరి. అడుగున సొరంగములవలె త్రవ్వుచు, త్రవ్వినచోటనెల్ల నురుగు నింపుచు పోయిరి. పట్టుపురుగు గూటిలో ఉన్నట్లు పడవ మొత్తము నురుగులో దాగినది. పిమ్మట గోతిలోనికి నీరు వదలిరి. నురుగు తేలికయైనది కదా, పడవ తేలినది! కట్ట తెగగొట్టి దానిని సరస్సులోనికి లాగిరి. రెండువేల యేండ్లకు మరల ఆ నీటిపై అది ప్రయాణము చేసినది. గినొసార్ ఒడ్డునకు చేర్చి, క్రేనుతో పైకి ఎత్తిరి.

ఇంతవరకు పడవ ఎట్లు దొరికినదో చెప్పితిమి. మాకు ఇంతకంటె ముఖ్యముగా తోచునది, అది ఎట్లు బ్రతికినదను విషయము. పడవకు దినచర్య పుస్తకము లేదు. దాని కొయ్యయే పుస్తకము. దానిని చదువుటకు టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయమునుండి రిచర్డ్ స్టెఫీ అను పెద్దను రప్పించిరి. ఈయన మొదట పెన్సిల్వేనియాలో విద్యుత్ పనివాడు; పాత ఓడల నమూనాలు చేయు సరదాతో మొదలిడి, సైప్రసు చెంత దొరికిన కిరీనియా ఓడను మరల నిలబెట్టి ఆ శాస్త్రమునకే ఆచార్యుడైనాడు. చేతిపని తెలిసినవాడు కావుననే చేతిపనివాని మనసు కనిపెట్టగలిగెనని మేమనుకొనుచున్నాము.

మిగిలిన పడవ పొడవు 8 మీటర్లకు పైగా, అనగా సుమారు 27 అడుగులు. వెడల్పు 2.3 మీటర్లు, మిగిలిన ఎత్తు 1.3 మీటర్లు. అడుగు చదునైనది. లోతులేని ఒడ్డుచెంతకు వచ్చి వలలాగుటకు అనువైన కట్టుబడి ఇది. దీనిని కట్టిన పద్ధతి నేటి వడ్రంగికి వింతగొలుపును. నేడు ముందు వంకులు నిలిపి, వాటికి పలకలు కొట్టుదురు. నాడు ముందుగా పలకనుపలకను కుసులతో అతికి పెంకు వంటి దొప్పను చేసి, ఆ తరువాత లోపల వంకులు ఇమిడ్చి ఇనుప మేకులు దిగగొట్టిరి. పెంకు ముందు, ఎముకలు తరువాత అన్నమాట. మన తూర్పుతీరమున మసూలా పడవల వారును పలకలను ముందు అంచులు కలిపి కొబ్బరి త్రాళ్లతో కుట్టిరి. కుట్టుటకును కుసులు బిగించుటకును భేదము చాల ఉన్నను, పెంకునే నమ్ముకొను బుద్ధి రెండింటను ఒక్కటే.

కొయ్యను సూక్ష్మదర్శినితో పరీక్షించినవారు ఎల్లా వెర్కర్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు. ఆ ఒక్క పడవలో 12 రకముల కలప ఉన్నట్లు తేలినది! పలకలలో హెచ్చుభాగము లెబనోను దేవదారు. వంకులలో హెచ్చుభాగము ఓకు. ఇవి రెండును పడవకు తగినవే. తక్కినవి చూడుడు: పైను, విల్లో, కారబు, మేడిజాతి చెట్టు, రేగుచెట్టు. రేగుకఱ్ఱతో పడవ కట్టుదురని మన వడ్రంగులతో చెప్పినచో నవ్వుదురు. తెలిసిన వడ్రంగి ఎవడును మనసారా ఏరుకొనెడి కలప కాదు అది. పెరటిలోనో, పొలముగట్టుననో దొరికినదానిని నరికి తెచ్చినాడు. కొన్ని వంకులకు బెరడైనను తీయలేదు. వంకరగా పెరిగిన కొమ్మను ఉన్నదున్నట్లు అమర్చినాడు.

అడుగున వెన్నెముక వంటి దూలము మరింత చెప్పుచున్నది. దాని ముందుభాగము మేలైన దేవదారు. కాని దాని అంచులలో ఈ పడవతో సంబంధములేని పాత బెజ్జములు ఉన్నవి. అనగా ఆ దూలము అంతకుముందే మరియొక పడవలో ఒక జన్మ గడిపి, దాని ఆయువు తీరినపిమ్మట దీనిలోనికి వచ్చినది. వెనుకభాగము రేగు. ఒక్క దూలములోనే ధనికుని కలప, పేదవాని కలప ఒకదానినొకటి పట్టుకొనియున్నవి.

ఇదంతయు చూచి స్టెఫీ చెప్పిన తీర్పు మాకు మిక్కిలి నచ్చినది. ఈ పడవ కట్టినవాడు మధ్యధరా తీరపు పద్ధతి క్షుణ్ణముగా ఎరిగిన నేర్పరియేనట. ఆ తీరపు పనివాడు వాడెడి కలప మాత్రము ఇతనికి లేదు. చెడ్డ కొయ్యను చూచి చెడ్డ పనివాడని అనుట సులభము. వంకరకొమ్మను వంకుగా నిలిపి నీరు చొరకుండ పడవను సరస్సుమీద నడిపించుటకు ఎంత నేర్పు కావలెనో పనిచేసినవానికే తెలియును.

పడవ ఒక్కసారి కట్టి వదలినది కాదు. పలకలు మార్చిన జాడలు, అతుకులు, ముక్కలు చేర్చిన చోట్లు ఎన్నో కలవు. అలసిన పలకను తీసి వేరొకటి వేసిరి; ఊడిన వంకుకు బదులు దొరికిన కఱ్ఱ పెట్టిరి. పండ్రెండు రకముల కలపకు కలప కరవు ఒక కారణమైనచో, ఈ దీర్ఘమైన మరమ్మతుల జీవితము రెండవ కారణము. వెన్నుదూలము మీద తెరచాప కొయ్య నిలిపిన దిమ్మకు కొట్టిన మేకుల గుర్తులున్నవి. మగ్దల శిథిలములలో దొరికిన మొదటి శతాబ్దపు రంగురాళ్ల చిత్రమునందును ఇట్టి పడవయే తెరచాపతోను తెడ్లతోను కనబడుచున్నది. నలుగురు తెడ్లు వేయువారు, చుక్కాని పట్టువాడొకడు దీనికి చాలుదురని పండితులు లెక్కించిరి. జోసెఫస్ చెప్పిన నలుగురను ఇచ్చట జ్ఞాపకము చేసికొనుడు. అవసరమైనచో పదునైదుగురి వరకు ఎక్కవచ్చును. సువార్తలలో ఒక పడవనిండ శిష్యులు సరస్సు దాటినట్లున్న కథకు ఈ కొలత అడ్డురాదు.

చివరికి పడవ ముసలిదైనది. దాని మరణమును సరస్సు కలిగింపలేదు, తుఫానును కలిగింపలేదు. పనికివచ్చు భాగములన్నింటిని మనుష్యులే ఊడదీసికొనిరి. ముందు కొమ్ము లేదు, వెనుక కొమ్ము లేదు, తెరచాప దిమ్మ లేదు. అవి వేరొక పడవకు పోయియుండును. మిగిలిన పాత దొప్పను నీటిలోనికి త్రోసివేయగా అది ఒండ్రులో మునిగినది. ఆ చోటనే మరి రెండు పడవల కొయ్యముక్కలును దొరుకుటచేత, అచ్చట పడవలు కట్టుచు, బాగుచేయుచు ఉండెడివారని ఊహించుచున్నారు. ఒకప్పుడు వేరొక పడవ దూలమును ఎరువుతెచ్చుకొని పుట్టిన పడవ, పోవునప్పుడు తన అవయవములను ఇతర పడవలకు ఇచ్చిపోయినది.

కాలనిర్ణయమునకు వత్తము. కొయ్యలోని రేడియో కార్బనును కొలిచినవారు క్రీ.పూ. 40, అటునిటు 80 యేండ్లు అని చెప్పిరి. పడవచెంత దొరికిన వంటకుండ, నూనెదీపము, కట్టుబడి తీరు కూడ క్రీస్తుపూర్వము చివరి శతాబ్దికిని, క్రీస్తుశకము మొదటి శతాబ్దికిని సరిపోవుచున్నవి. బాణపు ములుకు ఒకటి దొరికినందున, 67వ సంవత్సరపు యుద్ధములో పాల్గొన్న పడవ యనువారును ఉన్నారు. ఒక్క ములుకుపై ఒక యుద్ధమును నిలబెట్టుట మాకు సమ్మతము కాదు.

అంతకంటె పెద్ద మాట లోకమున వ్యాపించినది. యాత్రికులు దీనిని యేసు పడవ యని పిలుచుచున్నారు. ఆయనగాని, ఆయన శిష్యులుగాని ఈ పడవ నెక్కిరనుటకు ఆధారము ఏమియు లేదు. త్రవ్వినవారును అట్లు చెప్పలేదు. ఆనాడు సరస్సుమీద వందలాది పడవలుండెనని మనము చూచితిమి. భక్తుల మనసు నొప్పించుట మా ఉద్దేశము కాదు. పేతురు, యోహాను వంటివారు వలలు వేసినది ఇట్టి పడవలనుండియే యని నిశ్చయముగా చెప్పవచ్చును. పడవ వెనుకభాగమున తలగడపై నిద్రించుట యను సువార్త వృత్తాంతమునకు కూడ వాక్స్‌మన్ ఒక అర్థము చెప్పెను. వెనుక తట్టు బల్లపరపు క్రింద నీడపట్టు చోటుండుననియు, పడవ నిలుకడకొరకు వేయు ఇసుకమూట తలగడ యగుననియు ఆయన వివరణ. అక్కడి జాలరులు ఇటీవలి వరకు అట్టి మూటలను వాడినట్లు ఆయన విచారించి తెలిసికొనెను. ఇట్టి చిన్న వెలుగులే ఈ పడవ మనకిచ్చిన లాభము. పేరు మోసినవారి పాదముద్ర లేకున్నను, పేరులేని జాలరి కుటుంబము యొక్క ఆదాయవ్యయములు దీనిలో వ్రాసియున్నవి. ఆ కాలపు గ్రంథములలో అవి మనకు దొరకవు.

ఒడ్డు చేరిన పడవకు ఒక కాంక్రీటు తొట్టి కట్టి, నురుగు తొలగించి, నీటిలో ముంచి ఉంచిరి. తరువాత కొయ్యలోని నీటి స్థానమున పాలిఎథిలీన్ గ్లైకాల్ అను మైనమువంటి పదార్థమును ఎక్కించిరి. మొదట పలుచనిది, పిమ్మట చిక్కనిది, వేడిచేసి ఏండ్ల తరబడి. 1961లో స్టాక్‌హోము రేవునుండి పైకెత్తిన వాసా యను యుద్ధనౌకకు కూడ ఈ మందే వేసిరి. దానిపై చల్లిరి, దీనిని ముంచిరి, అంతే భేదము. ఆ తరువాత మెల్లగా ఆరనిచ్చిరి. త్రవ్వుటకు పండ్రెండు దినములు చాలినవి. నయము చేయుటకు పదేండ్లకు మించినది.

2000వ సంవత్సరమున పడవను గినొసార్‌లోనే ఉన్న యీగల్ అల్లోన్ పేరిటి మ్యూజియములో దానికై నిర్మించిన శాలకు తరలించిరి. ఉక్కు ఊచల ఆధారముపై, నల్లబారిన పలకలతో అది నేటికిని అచ్చట ఉన్నది. దగ్గరగా నిలిచి చూచినవారికి వెన్నుదూలపు పాత బెజ్జములును, దేవదారు ప్రక్కన అతికిన రేగుకఱ్ఱయు కంటికి కనబడును.